ఇనుముకు తుప్పు ఎందుకు? బంగారానికి ఎందుకు లేదు?



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మాదాపూరు నుంచి వచ్చింది. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా అడిగింది: "మాస్టారూ! హైటెక్ సిటీలో పెద్ద పెద్ద మేడల ముందు స్టీలు కమ్మీలు అద్దంలా మెరుస్తూ ఉంటాయి. మా వీధి చివర ఇనప గేటు మటుకు ఎర్రగా తుప్పు పట్టి, ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలిపోతున్నది. రెండింటి మీదా ఒకటే వాన కురుస్తుంది గదా! ఒకటి పాడయిపోయి, రెండోది ఎందుకు పాడు కాలేదు?"

ఇది చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే, అసలు ఇనుము ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలుసుకోవాలి.

భూమిలో ఇనుము ఇనుములాగా దొరకదు. ఎర్రటి రాళ్ళలో, ఆక్సిజన్‌తో కలిసిపోయి ఉంటుంది. ఆ రాళ్ళను కొలిమిలో వేసి బొగ్గుతో మండిస్తే, ఆ మంటలో ఆక్సిజన్ విడిపోయి ఇనుము మిగులుతుంది. అంటే, మనం బోలెడంత వేడి ఖర్చు పెట్టి, ఇనుమును దాని పుట్టింటి నుంచి బలవంతాన తెచ్చుకున్నామన్నమాట! కాని దానికి పుట్టింటి మీద బెంగ తీరదు. గాలీ, నీరూ దొరికితే చాలు, మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. అదే తుప్పు. తుప్పు రంగూ, గనిలోని ఆ రాతి రంగూ ఇంచుమించు ఒకటే కావటానికి కారణం ఇదే. రెండూ ఒక కుటుంబానికి చెందినవి.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఇనుము తుప్పు పట్టటానికి పొడిగాలి ఒక్కటే చాలదు. గాలి లేని నీరు ఒక్కటే ఉన్నా చాలదు. రెండూ కలవాలి. ఇనుము మీద నీటి బొట్టు పడినప్పుడు అక్కడ ఒక బుల్లి బ్యాటరీ తయారవుతుంది. ఒకచోట ఇనుము పరమాణువులు తమ ఎలెక్ట్రానులను వదిలేసి నీటిలోకి దిగుతాయి. వదిలేసిన ఎలెక్ట్రానులు ఇనుము గుండా ఇంకొకచోటికి పోతాయి. అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ఆ తరవాత ఇనుమూ, ఆక్సిజనూ, నీరూ కలిసి తుప్పుగా మారతాయి. నీటిలో ఉప్పు ఉంటే అందులో విద్యుత్తు సులువుగా పారుతుంది. అందుచేత ఉప్పునీటిలో ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది.

మరి అన్ని లోహాలకూ పుట్టింటి మీద ఇంత బెంగ ఉంటుందా? ఉండదు. బంగారం సంగతి చూడండి. కొన్ని ఏళ్ళ ఇసకలో బంగారం రేణువులు బంగారంగానే దొరుకుతాయి. అది ఆక్సిజన్‌తో చేరదు. వదిలిపెట్టి వచ్చిన పుట్టిల్లే లేనప్పుడు ఇంక బెంగ ఎక్కడిది? అందుకే మీ ముత్తవ్వ గొలుసు ఇప్పటికీ పచ్చగా మెరుస్తూ ఉంటుంది.

శాస్త్రజ్ఞులు లోహాలను ఒక వరసలో నిలబెట్టారు. మెగ్నీషియం, అల్యూమినియం, తుత్తునాగం, ఇనుము, తగరం, సీసం, రాగి, వెండి, బంగారం. తుత్తునాగం అంటే మన జింకే. ఈ వరసలో ముందున్న లోహానికి ఎలెక్ట్రానులను వదిలెయ్యాలన్న తొందర ఎక్కువ. వెనక ఉన్నదానికి తక్కువ. ఈ వరసను బాగా గుర్తు పెట్టుకోండి. ముందు ముందు చాలా పనికివస్తుంది.

ఇక్కడ మీలో చురుకైనవాళ్ళు వెంటనే చెయ్యి ఎత్తుతారు. "మాస్టారూ! అల్యూమినియం ఇనుముకన్న ముందున్నది గదా! అది ఇనుముకన్న త్వరగా పాడు కావాలి. మరి మా కిటికీ చట్రాలు అల్యూమినియానివే. అవి ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉన్నాయేం?"

అసలు రహస్యం ఇక్కడే ఉన్నది. అల్యూమినియానికి గాలి తగిలిన మరుక్షణమే దాని ఒంటి మీద ఒక పొర ఏర్పడుతుంది. ఆ పొర ఎంత పలచనో తెలుసా? మీ తలవెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదు! కాని అది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, సందు లేకుండా కప్పేస్తుంది. ఆ తరవాత గాలీ నీరూ లోపలికి పోలేవు. గీత పడితే ఆ గీత మీద వెంటనే కొత్త పొర పుడుతుంది. మనం ఇళ్ళల్లో "సిల్వరు గిన్నె" అంటామే, దానిలో వెండి ఏమీ లేదు. అది అల్యూమినియమే. 

ఇనుము తుప్పు అలాంటిది కాదు. తుప్పు, తాను పుట్టిన ఇనుముకన్న చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల ఉబ్బి, పగిలి, పెచ్చులుగా రాలుతుంది. లోపలి కొత్త ఇనుము బయటపడుతుంది. మళ్ళీ తుప్పు, మళ్ళీ పెచ్చు. అల్యూమినియం తలుపు వేసుకుని కూర్చుంటుంది. ఇనుము మాత్రం తలుపులు బార్లా తెరిచి పెడుతుంది.

ఇనుముకు కూడా ఇలాంటి తలుపు బిగించే ఉపాయం ఉన్నదా? ఉన్నది. దాన్ని కనిపెట్టినవారిలో ఇంగ్లండులోని షెఫీల్డు నగరానికి చెందిన హ్యారీ బ్రియర్లీ ముఖ్యుడు. 1913లో ఆయన తుపాకీ గొట్టాల కోసం మంచి ఉక్కును వెతుకుతున్నాడు. తుపాకీ పేలినప్పుడల్లా గొట్టం లోపల అరిగిపోయేది. ఆయన ఉక్కులో క్రోమియం అనే లోహాన్ని పాళ్ళు మార్చి మార్చి కలిపి చూశాడు. సూక్ష్మదర్శినిలో చూడటానికి ఉక్కు ముక్కను ముందు ఆమ్లంలో ముంచి కాస్త తినిపించాలి. క్రోమియం ఎక్కువ కలిపిన ముక్కను మటుకు ఆమ్లం తినలేకపోయింది! ఆయన దాని మీద వెనిగరు పోశాడు, నిమ్మరసం పిండాడు. మరక పడలేదు. షెఫీల్డు చాకులకు పేరుపడ్డ ఊరు. తుపాకీ కోసం మొదలైన పని వంటింటి చాకులోకి వచ్చింది. అదే స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే మరకపడని ఉక్కు.

ఉక్కులో క్రోమియం నూటికి పదిన్నర పాళ్ళకు తగ్గకుండా ఉంటే, దాని మీద క్రోమియం, ఆక్సిజన్ కలిసిన పలచని పొర ఏర్పడి కాపాడుతుంది. మీరు అన్నం తినే కంచంలో సాధారణంగా 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉంటాయి. మాదాపూరు అమ్మాయి చూసిన మెరిసే కమ్మీలు ఈ జాతివే. వీధి గేటు మామూలు ఇనుము. దానికి ఉన్న రక్షణ అంతా రంగుపూతే. రంగు ఊడిన చోటల్లా తుప్పు పడుతుంది.

అయితే ఈ స్టీలుకు కూడా ఒక శత్రువు ఉన్నది. అది ఉప్పు. ఉప్పులోని క్లోరిన్ అంశం ఆ పొరను అక్కడక్కడ సూదితో పొడిచినట్టు పొడుస్తుంది. తడి ఉప్పును స్టీలు డబ్బాలో పోసి నెలల తరబడి ఉంచితే లోపల సన్న సన్న గుంటలు కనిపిస్తాయి. మన అమ్మమ్మలు ఆవకాయనూ, ఉప్పునూ పింగాణీ జాడీలో పెట్టేది ఊరికే కాదు!

ఇక మరో ఉపాయం చెబుతాను. ఇందులో ఒక లోహం ఇంకొక లోహం కోసం తన్ను తాను త్యాగం చేసుకుంటుంది. మీరు జి.ఐ. రేకులు చూసే ఉంటారు. అవి ఇనప రేకులే. పైన తుత్తునాగం పూత ఉంటుంది. మన వరస గుర్తున్నది గదా! తుత్తునాగం ఇనుముకన్న ముందున్నది. అందుచేత రేకు మీద గీత పడి ఇనుము బయటపడినా, ముందుగా తుత్తునాగమే కరిగి తన ఎలెక్ట్రానులను ఇనుముకు ఇస్తుంది. అది ఉన్నంతకాలం ఇనుము జోలికి తుప్పు రాదు.

తగరం పూత సంగతి దీనికి తలకిందులు. తగరం వరసలో ఇనుముకు వెనక ఉన్నది. డబ్బా మీద తగరం పూత చెక్కుచెదరనంతకాలం బాగానే ఉంటుంది. గీత పడిందా, అప్పుడు ఇనుమే తగరం కోసం బలి అవుతుంది, ఒంటరిగా ఉన్నప్పటికన్న త్వరగా. పాత డబ్బాలు గీత పడిన చోటనే ముందు చిల్లుపడేది ఇందువల్లే.

1824లో హంఫ్రీ డేవీ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు ఈ త్యాగం సూత్రాన్ని ఓడల మీద ప్రయోగించాడు. ఆ కాలపు కొయ్య ఓడల అడుగున రాగి రేకు కొట్టేవారు. సముద్రపు నీటికి రాగి తరిగిపోతుండేది. డేవీ రాగికి అక్కడక్కడ తుత్తునాగం, ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి తరగటం ఆగిపోయింది. కాని ఒక చిక్కు వచ్చిపడింది. రాగి కొద్దికొద్దిగా కరగటం వల్లనే అంతకుముందు నాచూ, నత్తలూ ఓడను పట్టుకునేవి కావు. రాగి కరగటం మానేసరికి అవన్నీ ఓడ అడుగును పట్టుకుని, దాని వేగం తగ్గించేశాయి! ఒక పనిలో గెలిచినప్పుడు దాని వెంట ఇంకేమి వస్తున్నదో కూడా చూసుకోవాలని ఈ కథ నేర్పుతుంది. డేవీ ఉపాయం మాత్రం వృథా పోలేదు. ఈనాడు ఇనప ఓడలకూ, భూమిలో పాతిన పైపులకూ ఇదే ఉపాయం వాడుతున్నారు.

ఇనుముది తుప్పు అయితే, రాగి ఇత్తడులది చిలుము. గాలి తగిలి రాగి మొదట నల్లబడుతుంది. తేమలో ఏళ్ళ తరబడి ఉంటే పచ్చబడుతుంది. చింతపండుతో తోమితే ఆ పొర ఎందుకు పోతుంది? చింతపండులోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది గనక. మరి అదే చింతపండు పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాస్తే? రాగి కరిగి పులుసులోకి దిగుతుంది. అలాంటి పులుసు తింటే వాంతులు పట్టుకుంటాయి. అందుకే పూర్వం వీధిలో "కళాయి పూస్తాం!" అన్న కేక వినపడగానే ఇల్లాళ్ళు గిన్నెలన్నీ బయట పెట్టేవారు. కళాయి పూసేవాడు గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా రుద్దేవాడు. ఈ మధ్య చాలామంది తల్లులు ఇత్తడి గిన్నెలను మళ్ళీ వంటింట్లోకి తెస్తున్నారు. సంతోషమే. కాని అమ్మలకు నేను చేసే మనవి ఒకటే: కళాయి అరిగిన గిన్నెలో పులుసు కాని, మజ్జిగ కాని పెట్టకండి.

నవాసారం పేరు వచ్చింది గనక, హైటెక్ సిటీలోనే మీరు చూడగల ఒక వింత చెబుతాను. శిల్పారామానికి పోయినప్పుడు అక్కడి దుకాణాలలో బిద్రీ పని వస్తువుల కోసం చూడండి. నల్లటి ఒంటి మీద వెండి లతలూ, పువ్వులూ తళతళలాడుతూ ఉంటాయి. ఈ పనికి పుట్టిల్లు బీదరు. 1956 వరకు బీదరు హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది. పాతకాలపు గొప్ప బిద్రీ పనులు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నాయి.

బిద్రీ వస్తువును తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. పదహారు పాళ్ళ తుత్తునాగానికి ఒక పాలు రాగి అని చెబుతారు. పైన ఉలితో బొమ్మలు చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగె అదుముతారు. అప్పటికి అంతా తెల్లగానే ఉంటుంది. వెండి ఏదో, తుత్తునాగం ఏదో పోల్చుకోవటమే కష్టం. అప్పుడు బీదరు కోటలోని పాతమట్టిని నవాసారంతో కలిపి, నీటితో ముద్దచేసి, వేడిచేసిన వస్తువు మీద రుద్దుతారు. చూస్తుండగానే తుత్తునాగం ఉన్న మేరంతా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది! వరసలో ఎక్కడో ముందున్న లోహం ఆ ముద్దకు లొంగింది. వెనక ఉన్న వెండి లొంగలేదు. లోహాన్ని పాడుచేసే గుణాన్నే మన పనివాళ్ళు అలంకారంగా మార్చుకున్నారు. రసాయనశాస్త్రం పుస్తకాలు చదవకుండానే వారు ఆ వరసను చేతులతో తెలుసుకున్నారు.

వెండికి ఆక్సిజన్ అంటే భయం లేదు; దాని శత్రువు గంధకం. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడటం చూడండి. మురుగునీరు నిలిచిన చోట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుందే, ఆ వాయువులో కూడా గంధకం ఉంటుంది. దీనికీ, హైటెక్ సిటీలో మీ నాన్నగారో, అమ్మగారో పనిచేసే కంప్యూటర్లకూ సంబంధం ఉన్నది. కంప్యూటరు లోపల సన్నటి రాగి దారులూ, వెండి పూతలూ ఉంటాయి. గాలిలో గంధకపు వాయువులుంటే వాటి మీద చిలుము పాకి, యంత్రం ఆగిపోతుంది. అందుకని పెద్ద కంప్యూటర్లుండే గదులలో ఇంజనీర్లు ఒక రాగి బిళ్ళనూ, ఒక వెండి బిళ్ళనూ నెల రోజులు వేలాడదీసి, వాటి మీద ఎంత పొర కట్టిందో కొలుస్తారు. రాగి మీద 30 నానోమీటర్లు, వెండి మీద 20 నానోమీటర్లు దాటకపోతే గాలి మంచిదని లెక్క. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు! సెల్‌ఫోనులోని సిమ్‌కార్డు మీద పచ్చటి బిళ్ళ ఉంటుంది చూశారా? దాని మీది పూత బంగారమే. డాబు కోసం కాదు, చిలుము పట్టకుండా ఉండటం కోసం.

ఇదంతా గిన్నెలకూ, బిళ్ళలకూ సంబంధించిన సంగతి అనుకోకండి. తుప్పు ప్రాణాలు కూడా తీస్తుంది. ఇటలీలోని జెనోవా నగరంలో 2018 ఆగస్టు 14న ఒక పెద్ద వంతెన కూలి, 43 మంది చనిపోయారు. ఆ వంతెనను పైనుంచి పట్టుకుని ఉన్న ఉక్కు తీగెలను కాంక్రీటులో పొదిగారు. లోపల తీగెలు తుప్పుతిని సన్నబడిపోతున్నా, బయటికి కనపడలేదు.

మన హైదరాబాదులో దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరు 25న తీగెల వంతెనను ప్రారంభించారు. రెండు స్తంభాల మధ్య దూరం సుమారు 234 మీటర్లు. కింద నీరు, పైన తీగెలు, వాటి మీద వేలాది వాహనాలు! ఇలాంటి కొత్త వంతెనలు కట్టేటప్పుడు ఇంజనీర్లు ఒక రక్షణను నమ్ముకుని ఊరుకోరు. ఉక్కు తీగెలకు తుత్తునాగం పూతో, మైనమో పూసి, పైన ప్లాస్టిక్కు తొడుగు వేసి, అన్నింటినీ కలిపి మళ్ళీ ఒక గొట్టంలో పెట్టటం ఆనవాయితీ. అంతటితో అయిపోదు. అప్పుడప్పుడు పరీక్షించి చూస్తూనే ఉండాలి.

మీ ఇంటి కప్పులో కూడా ఇనప చువ్వలున్నాయి. సిమెంటుకు క్షారగుణం ఉన్నది గనక దానిలో ఇనుముకు మంచి పొర ఏర్పడి, తుప్పు పట్టదు. కాని ఏళ్ళ తరబడి మిద్దె కారుతూ ఉంటే, నీరూ గాలీ లోపలికి చేరి ఆ పొర చెడిపోతుంది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు పగిలి పెచ్చు ఊడుతుంది. కప్పుకు ఎర్రమరక కనిపిస్తే, దానిమీద సున్నం కొట్టి ఊరుకోవద్దని పెద్దలకు చెప్పండి. ముందు కారటం ఆపాలి.

చివరికి ఢిల్లీ ఇనప స్తంభం సంగతి. కుతుబ్‌మీనారు దగ్గర ఉన్న ఈ స్తంభం సుమారు 1600 ఏళ్ళ నాటిది. ఎత్తు ఏడు మీటర్ల పైన, బరువు ఆరు టన్నుల పైన. అది ఇనుమే, స్టెయిన్‌లెస్ స్టీలు కాదు. మరి తుప్పు ఎందుకు తినెయ్యలేదు? కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం దీన్ని చాలాకాలం పరిశోధించారు. ఆ ఇనుములో భాస్వరం, అంటే ఫాస్ఫరస్, ఎక్కువ ఉన్నదనీ, దాని మూలాన స్తంభం మీద ఒక రక్షణ పొర ఏర్పడిందనీ చెప్పారు. ఢిల్లీ గాలిలో తేమ తక్కువ కావటం కూడా కలిసివచ్చింది. అంటే అది మంత్రం కాదు. అల్యూమినియం మీదా, స్టీలు మీదా చూసిన "తలుపు" కథే.

ఇప్పుడు మాదాపూరు అమ్మాయికి జవాబు నాలుగు ముక్కల్లో చెబుతాను. బంగారానికి తుప్పు పట్టాలన్న కోరికే లేదు. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు తమ పొరతో తామే తలుపు వేసుకుంటాయి. జి.ఐ. రేకును తుత్తునాగం తన ప్రాణం ఇచ్చి కాపాడుతుంది. మామూలు ఇనుమును మనమే కాపాడాలి. ఆ గేటును గరుకు కాగితంతో రుద్ది, తుప్పంతా రాల్చి, రంగు వేస్తే ఇంకా ఎన్నో ఏళ్ళు ఉంటుంది.

చేసి చూడండి

పూత లేని ఇనప మేకులు అయిదు తీసుకుని గరుకు కాగితంతో బాగా రుద్దండి. మొదటిదాన్ని పొడి సీసాలో వేసి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే చిన్న పొట్లాన్ని కూడా విప్పకుండా అందులో పడేసి, మూత బిగించండి. ఆ పొట్లం తేమను పీలుస్తుంది. నోట్లో మాత్రం పెట్టుకోకండి. రెండోదాన్ని మంచినీళ్ళ గ్లాసులో వెయ్యండి. మూడోదాన్ని ఉప్పునీటిలో వెయ్యండి. నాలుగోదానికి రాగి తీగె, అయిదోదానికి జి.ఐ. తీగె నాలుగైదు చుట్లు గట్టిగా చుట్టి, వేరు వేరు గ్లాసులలో ఉప్పునీటిలో వెయ్యండి. వారం రోజులు ప్రతి ఉదయమూ చూసి, కనిపించినది నోటుపుస్తకంలో రాయండి. రాగి చుట్టిన మేకు గతి ఏమవుతుందో, జి.ఐ. తీగె చుట్టిన మేకు గతి ఏమవుతుందో, మన వరసను చూసి ముందే ఊహించి రాసుకోండి. తరవాత సరిచూసుకోండి.

వచ్చే నెల ప్రశ్న

విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఇంటి కిటికీ ఊచలు, హైదరాబాదులోని అలాంటి ఊచలకన్న చాలా త్వరగా తుప్పు పడతాయి. ఎందుకు? పై ప్రయోగం చేసినవారికి జవాబు గ్లాసులోనే దొరుకుతుంది. రాసి పంపండి.